పేరు గోడకెక్కే లోపు

2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు నేలకొరిగారు. 2021 నవంబరు 23న రాష్ట్రపతి భవన్‌లో ఆయన తల్లి, భార్య కలిసి నిలబడి ఆయన మహావీర చక్ర అందుకున్నారు. ఈ రెండు తేదీల నడుమ 526 రోజులు.

మనం చూసేది ఆ రోజుల్లో మొదటి రెండు మూడు, చివరి ఒకటి. మొదట మువ్వన్నెల జెండా కప్పిన శవపేటిక ఊళ్లోకి వస్తుంది. జెండాలోని కాషాయ రంగు తల వైపు ఉంటుంది. చితి అంటించే ముందు జెండాను తీసి, మడిచి ఇంటివాళ్ల చేతికిస్తారు. జెండా చితిలో కాలకూడదు, గోతిలోకి దిగకూడదు, అది నియమం. తుపాకులు గాలిలోకి పేలతాయి, బ్యూగిల్ మోగుతుంది. కరోనా కాలమైనా ఆ జూన్‌లో ఆయన ఊరు సూర్యాపేట రోడ్ల మీద జనం బారులు తీరి నిలబడ్డారు. ఇక చివరి రోజు టీవీలో వచ్చే పతక ప్రదానం. మధ్యలో మిగిలిన ఐదు వందల పైచిలుకు రోజులు ఫైళ్లవి. దేశం ఒక సైనికుణ్ని ఎలా గుర్తుంచుకోవాలో తేలేది ఆ రోజుల్లోనే. అందుకే వాటి గురించి రాయాలనిపించింది.

20 మందిలో ఐదుగురు

గల్వాన్‌లో మనవాళ్లు 20 మంది ప్రాణాలిచ్చారు. వాస్తవాధీన రేఖ మీద చైనాతో ఘర్షణలో మన సైనికులు చనిపోవడం 1975 తర్వాత అదే మొదలు, అంటే 45 ఏళ్ల తర్వాత. వారిలో యుద్ధకాల శౌర్య పతకాలు వచ్చింది ఐదుగురికి. సంతోష్ బాబుకు మహావీర చక్ర. నుదురామ్ సోరెన్, కె. పళని, దీపక్ సింగ్, గుర్తేజ్ సింగ్‌లకు వీరచక్ర. అదే రాత్రి పోరాడి బతికిన హవల్దార్ తేజీందర్ సింగ్‌కు కూడా వీరచక్ర వచ్చింది.

దీపక్ సింగ్ నర్సింగ్ అసిస్టెంట్. తాను గాయపడి కూడా 30 మందికి పైగా సైనికులకు చికిత్స చేసి ప్రాణాలు నిలబెట్టాడని ఆయన సైటేషన్ చెబుతుంది. తర్వాత ఆయన భార్య పరీక్ష రాసి, శిక్షణ పూర్తి చేసి, 2023లో సైన్యంలోనే అధికారిగా చేరింది.

ఇంత పేరు వచ్చిన ఈ ఐదుగురూ ఎలా ఎంపికయ్యారు? పతకం ప్రయాణం ఢిల్లీలో మొదలుకాదు. యూనిట్‌లో మొదలవుతుంది. ఆ వేళ అక్కడ ఉన్నవాళ్లు తాము చూసింది చూసినట్టు రాసివ్వాలి. ఆ వాంగ్మూలాలను బట్టి కమాండింగ్ ఆఫీసర్ సిఫార్సు తయారు చేస్తాడు. అది బ్రిగేడ్, డివిజన్, కోర్, కమాండ్ మెట్లెక్కి సైన్య ప్రధాన కార్యాలయానికి, అక్కణ్నుంచి రక్షణ శాఖకు, చివరికి రాష్ట్రపతి ఆమోదానికి వెళ్తుంది. పేర్లు ప్రకటించేది ఏడాదికి రెండు సందర్భాల్లో, గణతంత్ర దినోత్సవానికీ స్వాతంత్ర్య దినోత్సవానికీ. గల్వాన్ పతకాల ప్రకటన 2021 గణతంత్ర దినోత్సవానికి వచ్చింది, ఘటన జరిగిన ఏడు నెలలకు.

16 బిహార్ రెజిమెంటులో తన జవాన్ల గురించి రాయవలసిన కమాండింగ్ ఆఫీసర్ ఆ రాత్రి వాళ్లతో పాటే పడిపోయాడు. ఆయన వయసు 37. విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, ఖడక్‌వాస్లా జాతీయ రక్షణ అకాడమీ మీదుగా 2004లో అదే పటాలంలో అధికారిగా చేరిన మనిషి. ఆయన గురించి మిగిలినవాళ్లు రాయాల్సి వచ్చింది.

శత్రువు ఎదుట, శత్రువు లేని చోట

పతకాల పేర్లు చాలామంది కలగలిపేస్తారు. నిజానికి అవి రెండు వరసలు. శత్రువు ఎదుట నిలబడి చూపిన సాహసానికి పరమవీర, మహావీర, వీరచక్రలు. 1950 జనవరి 26న వీటిని నెలకొల్పి, 1947 ఆగస్టు 15 నుంచే వర్తించేలా చేశారు. శత్రుసేన ఎదుట కాకుండా మరోచోట చూపిన సాహసానికి రెండో వరస. 1952లో అశోకచక్ర పేరుతోనే మూడు తరగతులుగా మొదలై, 1967లో అశోక, కీర్తి, శౌర్య చక్రలుగా పేర్లు మారాయి. ఈ రెండో వరస పోలీసులకు, పౌరులకు కూడా అందుతుంది. 2013లో ఛత్తీస్‌గఢ్ సరిహద్దులో మావోయిస్టులతో పోరులో మరణించిన గ్రేహౌండ్స్ పోలీసు దళం అధికారి కె. ప్రసాద్ బాబుకు మరుసటి ఏడాది అశోకచక్ర వచ్చింది.

గల్వాన్‌లో యుద్ధం ప్రకటించలేదు. తుపాకీ పేలలేదు. రాళ్లు, కర్రలు, ఇనుప చువ్వలతో కొట్టుకున్నారు. అయినా మొదటి వరసలోని పతకాలే ఇచ్చారు. అంటే అక్కడ ఎదురుగా ఉన్నది శత్రువేనని ప్రభుత్వం కాగితం మీద ఒప్పుకున్నట్టు. కార్గిల్ తర్వాత మహావీర చక్ర ఇవ్వడం అదే మొదటిసారి.

పరమవీర చక్ర ఇప్పటిదాకా అందుకున్నవారు 21 మంది. అందులో 14 మందికి మరణానంతరమే. కంచుతో చేసిన ఆ పతకం మీద ఇంద్రుడి వజ్రాయుధం నాలుగు వైపులా ఉంటుంది. దాన్ని గీసిన సావిత్రి ఖనోల్కర్ పుట్టుకతో యూరప్ మనిషి, మన సైనికాధికారిని పెళ్లాడి ఈ దేశాన్నే తనదిగా చేసుకుంది. మొదటి పరమవీరుడు మేజర్ సోమనాథ్ శర్మ, 1947 నవంబరు 3న శ్రీనగర్ దగ్గర బద్గామ్‌లో మరణించారు.

ఆ 21 మందిలో తెలుగువారు లేరు. హైదరాబాద్‌తో బంధం ఉన్నవారు మాత్రం ఒకరున్నారు. లెఫ్టినెంట్ కర్నల్ అర్దేషిర్ తారాపూర్ తన సైనిక జీవితం మొదలుపెట్టింది నిజాం సంస్థాన సైన్యంలో. సంస్థానం విలీనమయ్యాక పూనా హార్స్‌కు మారి, 1965 యుద్ధంలో సియాల్‌కోట్ వైపు ట్యాంకుల పోరులో సెప్టెంబరు 16న ప్రాణాలిచ్చారు.

'మరణానంతరం' అన్న మాట ఈ జాబితాలో రెండుసార్లు పొరబాటున పడింది. 1962లో పాంగాంగ్ సరస్సు ఒడ్డున సిరిజాప్ పోస్టు కోసం పోరాడిన మేజర్ ధన్‌సింగ్ థాపా చనిపోయాడనుకుని ఆ మాట చేర్చారు. ఆయన చైనా చెరలో ఉన్నాడని ఆ తర్వాత తెలిసింది, 1963లో తిరిగొచ్చాడు. 1999లో టైగర్ హిల్ ఎక్కిన 19 ఏళ్ల యోగేంద్ర సింగ్ యాదవ్ విషయంలోనూ అదే జరిగింది. అదే పేరున్న మరో జవాను చనిపోవడంతో గందరగోళమైంది. ఇతను ఒళ్లంతా తూటా గాయాలతో ఆసుపత్రిలో ఉన్నాడు. ఒక్క మాట తీసేస్తే మనిషి ఇంటికొస్తాడన్నది ఎన్ని కుటుంబాలు కన్న కలో! ఆ రెండిళ్లలో మాత్రం అది నిజమైంది.

60 శాతం, 100 శాతం

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పతకం రావడం, రాకపోవడం తర్వాతి మాట. ప్రతి మరణానికీ అంతకన్నా ముందు తేలేది ఒకటుంది: మరణ నివేదికలో దాన్ని ఏ రకంగా నమోదు చేశారు? సైన్యం భాషలో 'బ్యాటిల్ క్యాజువాలిటీ' అంటే యుద్ధ మరణం, 'ఫిజికల్ క్యాజువాలిటీ' అంటే మిగిలిన మరణం. ఊళ్లో ఎవరూ ఈ మాటలు వినరు. శవపేటిక మీద జెండా రెంటికీ ఒకటే. తేడా తెలిసేది నెలలు గడిచాక, పెన్షన్ కాగితం చేతికొచ్చినప్పుడు.

యుద్ధ మరణమైతే కుటుంబానికి ఉదారీకృత కుటుంబ పెన్షన్ వస్తుంది. సైనికుడి చివరి జీతంలో 100 శాతం. సైనిక విధుల వల్లే కలిగిన ఇతర మరణమైతే ప్రత్యేక కుటుంబ పెన్షన్, 60 శాతం. విధులకు సంబంధం లేదంటే మామూలు కుటుంబ పెన్షన్, కొంతకాలం 50 శాతం ఇచ్చి ఆ తర్వాత 30 శాతానికి దింపుతారు.

చివరి జీతం 40 వేలు అనుకుని లెక్కేద్దాం. మొదటి రకంలో నెలకు 40 వేలు, రెండో రకంలో 24 వేలు. తేడా 16 వేలు. పన్నెండేళ్లకు కరువు భత్యం కలపకుండానే 23 లక్షలు దాటుతుంది. ఒక గుమాస్తా ఒక గడిలో ఒక మాటకు బదులు ఇంకొకటి రాసినందుకు.

పన్నెండేళ్లు అన్నది ఊరికే వేసుకున్న అంకె కాదు. 2013 జనవరిలో జమ్మూకశ్మీర్ నియంత్రణ రేఖ దగ్గర ఒక నాయక్ గస్తీలో ఉన్నాడు. మంచు, గడ్డకట్టే చలి. ఊపిరాడక, గుండె ఆగి చనిపోయాడు. మొదట యుద్ధ మరణం అనే రాశారు. తర్వాత దాన్ని మార్చారు. భార్యకు ప్రత్యేక పెన్షన్‌తో సరిపెట్టారు. ఆమె సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు వెళ్లింది. 2019లో గెలిచింది. కేంద్రం సుప్రీంకోర్టుకు అప్పీలు వెళ్లింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ అప్పీలును కొట్టేసి, విధుల్లో ప్రాణమిచ్చిన సైనికుడి భార్యను కోర్టుకు ఈడ్చి ఉండాల్సింది కాదని చెప్పి, ఆమెకు 50 వేల రూపాయల ఖర్చులు చెల్లించమంది. ఆ తీర్పు చదివినప్పుడు నాకు సంతోషం కన్నా ఆ పన్నెండేళ్లే ఎక్కువ గుర్తొచ్చాయి. చలికి చనిపోయినవాడు శత్రువు చేతిలో చనిపోయినట్టా కాదా అని వాదించుకున్న పన్నెండేళ్లు. ఆ చలిలో అతణ్ని నిలబెట్టిందెవరు? సరిహద్దే కదా!

2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో 19,600 అడుగుల ఎత్తున మంచుచరియ విరిగిపడి మద్రాస్ రెజిమెంటుకు చెందిన 10 మంది చనిపోయారు. వారిలో ఒక సిపాయి కర్నూలు జిల్లావాడు. అక్కడా తూటా లేదు. సియాచిన్‌లో మన సైన్యం కోల్పోయినవారిలో ఎక్కువమందిని తీసుకెళ్లింది చలి, మంచు, గాలిలేమే.

లక్షలు, నెలకు వేలు

ఒకేసారి ఇచ్చే ఎక్స్‌గ్రేషియాకు కూడా ఏడో వేతన సంఘం తర్వాత, 2016 జనవరి నుంచి మెట్లున్నాయి. విధుల్లో ప్రమాదం వల్ల అయితే 25 లక్షలు. సరిహద్దు ఘర్షణల్లో, ఉగ్రవాదులతో పోరులో అయితే 35 లక్షలు, నిర్దేశించిన ఎత్తయిన ప్రాంతాల్లో వాతావరణం వల్ల అయినా 35. ప్రకటిత యుద్ధంలో శత్రు చర్య వల్ల అయితే 45. యుద్ధ మరణాల కుటుంబాలకు సైన్యం సంక్షేమ నిధి నుంచి ఇచ్చే సాయాన్ని 2019లో 2 లక్షల నుంచి 8 లక్షలకు పెంచారు.

పతకాలకు నెలవారీ భత్యం వేరు. 2017 ఆగస్టు నుంచి పరమవీరకు 20 వేలు, అశోకకు 12 వేలు, మహావీరకు 10 వేలు, కీర్తికి 9 వేలు, వీరచక్రకు 7 వేలు, శౌర్యకు 6 వేలు, శౌర్యానికిచ్చే సేనా పతకానికి 2 వేలు. అంతకు ముందు ఇందులో సగమే.

ఈ భత్యానికి ఒక షరతు ఉండేది. భర్త పోయాక భార్య మళ్లీ పెళ్లి చేసుకుంటే భత్యం ఆగిపోతుంది. ఒక్క మినహాయింపు: మరిదినో బావనో చేసుకుంటే కొనసాగుతుంది. ఆమెకు భర్త పేరు మీద వచ్చే గౌరవం, ఆమె ఎవరిని పెళ్లాడిందన్న దాని మీద ఆధారపడింది. ఆ షరతును తీసేసింది 2017 నవంబరులో. సైన్యం ఈ స్త్రీలను 'వీరనారి' అంటుంది. ఆ మాట అంటూనే దశాబ్దాల పాటు ఆమె పెళ్లి మీద కాపలా కాసిన నియమం అది. తీసేయడం మంచి పనే. అంత ఆలస్యం ఎందుకైందో నాకైతే సమాధానం దొరకలేదు.

పిల్లల చదువు విషయంలోనూ ఒక వెనకడుగు, ఒక ముందడుగు ఉన్నాయి. 1971 యుద్ధం తర్వాతి నుంచి, మరణించిన సైనికుల పిల్లల ఫీజులను ప్రభుత్వమే పూర్తిగా భరిస్తూ వచ్చింది. 2017లో నెలకు 10 వేలు మించకూడదని పరిమితి పెట్టారు. కుటుంబాలు, సైన్యాధికారులు గట్టిగా అడగడంతో 2018 మార్చిలో ఎత్తేశారు.

రాష్ట్రాల లెక్క ఇంకో తీరు. సంతోష్ బాబు కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం 5 కోట్ల రూపాయలు, హైదరాబాద్‌లో ఇంటి స్థలం, భార్యకు గ్రూప్-1 స్థాయి ఉద్యోగం ఇచ్చింది. మిగతా 19 కుటుంబాలు ఇతర రాష్ట్రాలవైనా ఒక్కొక్కరికి 10 లక్షలు ప్రకటించింది. సరిగ్గా ఏడాదికి, 2021 జూన్ 15న, సూర్యాపేట కూడలిలో ఆయన కంచు విగ్రహం నిలిచింది. 2025 మే 9న నియంత్రణ రేఖ దగ్గర కాల్పుల్లో ప్రాణాలిచ్చిన మురళీ నాయక్‌ది ఆంధ్రప్రదేశ్‌లో శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లి తండా. రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షలు, 5 ఎకరాల భూమి, 300 గజాల ఇంటి స్థలం, కుటుంబంలో ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. పుట్టిన రాష్ట్రాన్ని బట్టి, ఆ ఘటన ఎంతగా పత్రికలకెక్కిందన్న దాన్ని బట్టి ఈ అంకెలు మారిపోతాయి. ఒకే బంకర్లో పక్కపక్కన పడిపోయిన ఇద్దరి ఇళ్లకు రెండు రకాల సాయం చేరవచ్చు. ఇచ్చిన ప్రభుత్వాలను తప్పుపట్టడం లేదు. ఇది ఒక పద్ధతిగా, దేశమంతా ఒకే కొలతగా ఉండాలనే నా బాధ.

మురళీ నాయక్ అగ్నివీర్. 2022లో మొదలైన ఆ పథకంలో నాలుగేళ్ల సేవ. విధుల వల్ల మరణిస్తే 48 లక్షల బీమా, 44 లక్షల ఎక్స్‌గ్రేషియా, మిగిలిన సర్వీసు కాలానికి జీతం, సేవానిధి సొమ్ము అందుతాయి. కుటుంబ పెన్షన్ ఉండదు. అంటే పైన చెప్పిన 100, 60, 30 శాతాల పట్టికలో అగ్నివీర్ ఇంటికి గడే లేదు. ఒకేసారి వచ్చే మొత్తం పెద్దదే, కాదనను. కానీ కొడుకు జీతం ప్రతి నెలా ఒకటో తారీఖున వచ్చినట్టు పెన్షన్ రావడం తల్లిదండ్రులకు డబ్బు ఒక్కటే కాదు. కొడుకును నెలనెలా ఎవరో తలచుకుంటున్నారన్న గుర్తు.

ఒక మాట సంగతి

మనం పత్రికల్లో 'అమరవీరుడు' అని రాస్తాం, హిందీవాళ్లు 'షహీద్' అంటారు. ప్రభుత్వ నియమాల్లో ఆ మాటకు నిర్వచనం లేదు. పార్లమెంటులో కూడా ఇదే చెప్పారు. 2022 ఫిబ్రవరిలో సైన్యం తన విభాగాలకు లేఖ రాస్తూ, 'మార్టిర్' అన్న ఇంగ్లీషు మాట మత విశ్వాసం కోసం చావడానికి వాడేదని, దాని బదులు విధుల్లో ప్రాణత్యాగం చేసినవారు వంటి మాటలు వాడమని సూచించింది. మన 'అమరుడు'కి ఆ చిక్కు లేదు. మరణం లేనివాడనే దాని అర్థం. ఆ మాటను తెలుగులో నిస్సంకోచంగా వాడుకోవచ్చు. ఫారంలో మాత్రం దానికి చోటు లేదు, 'బ్యాటిల్ క్యాజువాలిటీ'కే ఉంది. కాబట్టి ఏ ఊళ్లోనైనా ఇలాంటి ఇల్లు ఉంటే, పరామర్శకు వెళ్లినవాళ్లలో చదువుకున్నవారు ఒక్క పని చేయాలి. సైనికుడి సర్వీసు వివరాలు నమోదయ్యే పార్ట్-2 ఆర్డర్లలో, మరణ ధ్రువపత్రంలో ఏ మాట రాశారో చూడాలి. అనుమానం ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ఆ కుటుంబంతో కలిసి వెళ్లాలి. విగ్రహానికి చందాలు వేసుకోవడం కన్నా ఆ ఇంటికి అది ఎక్కువ ఉపకారం.

25,942

ఢిల్లీలో ఇండియా గేట్ 1931లో కట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో, మూడో అఫ్ఘాన్ యుద్ధంలో బ్రిటిష్ వారి కోసం పోరాడి చనిపోయిన మనవాళ్లలో 13 వేల పైచిలుకు పేర్లు దాని రాళ్ల మీద ఉన్నాయి. 1971 యుద్ధం తర్వాత, 1972 జనవరి 26న దాని కింద అమర జవాన్ జ్యోతి వెలిగించారు. అప్పటికి స్వతంత్ర భారతం నాలుగు యుద్ధాలు చేసింది. ఆ యుద్ధాల్లో చనిపోయినవాళ్ల పేర్లకు మాత్రం జాతీయ స్థాయిలో ఒక గోడ లేదు. సైన్యం 1960లోనే అడిగింది. కట్టి తెరిచింది 2019 ఫిబ్రవరి 25న. యాభై తొమ్మిదేళ్లు పట్టింది.

దాదాపు 40 ఎకరాల్లో, 176 కోట్ల ఖర్చుతో కట్టిన జాతీయ యుద్ధ స్మారకం అది. నాలుగు వలయాలు, అమర చక్ర, వీరతా చక్ర, త్యాగ చక్ర, రక్షక చక్ర. లోపలి వలయం మధ్య స్తంభం, దాని కింద ఆరని జ్యోతి. ఇండియా గేట్ కింది జ్యోతిని 2022 జనవరి 21న ఇందులో కలిపారు. 21 మంది పరమవీరులకు పక్కనే వేరుగా విగ్రహాలున్నాయి. 2023 జనవరి 23న అండమాన్‌లో పేరులేని 21 దీవులకు వారి పేర్లే పెట్టారు. అన్నిటికన్నా పెద్ద దీవికి సోమనాథ్ శర్మ పేరు.

అయినా ఆ ప్రాంగణంలో త్యాగ చక్ర గోడలనే నేను అన్నిటికన్నా ఎక్కువగా తలచుకుంటాను. ప్రారంభం నాటికి గ్రానైట్ పలకల మీద 25,942 పేర్లు. 1947-48 కశ్మీరు నుంచి 1962, 1965, 1971, సియాచిన్, శ్రీలంక, కార్గిల్ దాకా. అక్కడ పతకం వచ్చినవారు, రానివారు అన్న వరస లేదు. పెన్షన్ ఎంత శాతమో రాయలేదు. గల్వాన్ 20 మంది పేర్లు 2021లో ఆ గోడ మీదికి వచ్చాయి. పతకాలు వచ్చిన ఐదుగురూ, మిగిలిన పదిహేను మందీ అక్కడ కలిసే ఉన్నారు.

ఆ గోడ ముందు నిలబడి రోజుకొక పేరు చొప్పున తలచుకుందామనుకోండి. స్మారకం తెరిచిన రోజున మొదలుపెడితే, 25,942 పేర్లకు 71 ఏళ్లు పడుతుంది. చివరి పేరు దగ్గరికి చేరేసరికి 2090 వస్తుంది. గల్వాన్ పేర్లు చేరాక ఆ లెక్కకు ఇప్పటికే ఇంకో 20 రోజులు కలిశాయి.